ఏది కెర్నెల్‌లో ఉండాలి, ఏది బయట ఉండాలి?

ప్రశ్న: జిప్ ఫైళ్లను విప్పకుండానే ఫోల్డర్లలా చూపించే ఫైల్ సిస్టమ్‌ను లైనక్స్ మీద ఎం.టెక్. ప్రాజెక్టుగా రాస్తున్నాను. కెర్నెల్ మాడ్యూల్‌గా రాస్తేనే వేగం ఉంటుందని మిత్రులు, యూజర్ స్పేస్‌లో ఉంచడమే క్షేమమని మా గైడ్‌గారు అంటున్నారు. దేన్నిబట్టి తేల్చుకోవాలి?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ గైడ్‌గారి మాటే సబబు. కెర్నెల్ అంటే యంత్రం మీద పూర్తి అధికారంతో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, మాడ్యూల్ అంటే దానికి అతికించే ముక్క, యూజర్ స్పేస్ అంటే పరిమిత అధికారాలతో మామూలు ప్రోగ్రాములు నడిచే బయటి చోటు. మెమరీ పంపకం, ప్రాసెసర్ వంతులు, ఒక ప్రాసెస్ మరొకదాని జోలికి పోకుండా కాపు కాయడం వంటివి కెర్నెల్ తప్ప మరెవరూ చేయలేరు కనుక వాటి విషయంలో తగవు లేదు. చిక్కంతా రెండు చోట్లా ఇమిడే పనులతోనే వస్తుంది.

1993 నాటి విండోస్ ఎన్‌టీ 3.1లో తెరమీద గీతలు, అక్షరాలు చూపించే పనిని సీఎస్ఆర్ఎస్ఎస్ అనే విడి ప్రాసెస్ చూసుకునేది. ప్రోగ్రాములకూ దానికీ మధ్య సందేశాల రాకపోకల ఖర్చు ఎక్కువవుతోందని 1996లో ఎన్‌టీ 4.0 నాటికి ఆ కోడ్‌లో చాలా భాగాన్ని కెర్నెల్‌లోకి మార్చారు. ఆ ప్రాసెస్ కూలినా యంత్రం ఎలాగూ ఆగిపోయేదే కాబట్టి కొత్తగా పోయేదేమీ లేదని అప్పట్లో సమర్థించుకున్నారు. స్థిరత్వం వరకే చూస్తే ఆ వాదనలో పస ఉంది. భద్రత సంగతి వేరు. ట్రూటైప్ ఫాంట్‌లో అక్షరాల రూపురేఖలతోపాటు వాటిని సరిదిద్దే చిన్న ఆదేశాలు కూడా ఉంటాయి, ఊరూపేరూ తెలియనివారు పంపిన ఆ ఆదేశాలను కెర్నెలే కూర్చుని అమలు చేసేది. 2011లో బయటపడిన డుకు అనే మాల్‌వేర్, వర్డ్ పత్రంలో పొదిగిన ఫాంట్ ద్వారా సరిగ్గా ఆ సందులోంచే దూరి కెర్నెల్ అధికారాలు చేజిక్కించుకుంది. చివరికి విండోస్ 10లో ఫాంట్లు చదివే పనిని మళ్లీ కెర్నెల్ బయట, యూజర్ స్పేస్‌లో నడిచే ప్రాసెస్‌కు అప్పగించారు.

2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞ’తో కూడిన ఒక అక్షరాల కూర్పు ఐఫోన్లలో యాప్‌లను కూల్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. లోపం కోర్‌టెక్స్ట్ అనే యూజర్ స్పేస్ లైబ్రరీలో ఉండటంవల్ల మెసేజ్ యాప్‌లు, ఒక్కోసారి హోమ్ స్క్రీన్ కూలాయే గాని కెర్నెల్‌కు సెగ తగలలేదు.

అందువల్ల నేనైతే వేగం లెక్క చూసేముందు, ఈ కోడ్ ఎవరి డేటాను చదువుతుందని అడుగుతాను. మీ జిప్ ఫైల్ ఎక్కడినుంచైనా రావచ్చు, దాని హెడర్‌లో రాసిన పొడవులు అబద్ధం కావచ్చు. పైగా జిప్‌లో సాధారణంగా వాడే డిఫ్లేట్ పద్ధతిలో కుదించిన ఫైలును మధ్యలోంచి చదవాలంటే మామూలుగా మొదటినుంచీ విప్పుకుంటూ రావలసిందే. మీ సమయమంతా అక్కడే కరిగిపోతుంది, కెర్నెల్‌లో రాసినంత మాత్రాన అది తగ్గదు.

ఫైల్ సిస్టమ్‌ను యూజర్ స్పేస్ ప్రోగ్రాముగా రాసుకునే వీలు కల్పించే ఫ్యూజ్ మీకు సరిపోతుంది, అది 2005లో 2.6.14 కెర్నెల్‌తో లైనక్స్‌లో చేరింది. ప్రతి అభ్యర్థనా కెర్నెల్ మీదుగా మీ ప్రాసెస్‌కు వచ్చి తిరిగి వెళ్లాలన్న మాట నిజమే, కాని ఒకసారి చదివిన భాగాలను పేజ్ క్యాష్‌లో, అంటే కెర్నెల్ మెమరీలో దాచుకునే చోట, నిలుపుకునే వీలుంది. మీ కోడ్ తప్పటడుగు వేస్తే ‘ట్రాన్స్‌పోర్ట్ ఎండ్‌పాయింట్ ఈజ్ నాట్ కనెక్టెడ్’ అన్న సందేశం కనిపిస్తుంది. అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేసుకుంటే పని సాగిపోతుంది, అదే తప్పు మాడ్యూల్‌లో చేస్తే యంత్రమే స్తంభించవచ్చు. ఇక మీది చదవడానికి మాత్రమే పనికొచ్చే ఫైల్ సిస్టమ్ అయితే, ఫ్యూజ్ లైబ్రరీ అయిన లిబ్‌ఫ్యూజ్‌లో మామూలుగా ఒక సెకనుగా ఉండే అట్రిబ్యూట్ టైమవుట్‌ను, అంటే ఫైలు సైజు, తేదీ వంటి వివరాలను కెర్నెల్ మళ్లీ అడగకుండా గుర్తుంచుకునే గడువును, బాగా పెంచండి, అవే ఫోల్డర్లను మళ్లీ తెరిచేటప్పుడు మీ మిత్రులు భయపెడుతున్న జాప్యం కొంత తగ్గుతుంది.