నచ్చిన సీరియల్, నచ్చని సీరియల్

ప్రశ్న: 2020 లాక్‌డౌన్‌లో చూసిన సీరియళ్లలో మీకు బాగా నచ్చినదేది, అసలు నచ్చనిదేది?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: నచ్చినది, సందేహం లేకుండా, ఆ మార్చి 28 నుంచి దూరదర్శన్ పునఃప్రసారం చేసిన రామానంద్ సాగర్ 'రామాయణ్'. 1987లో ఆదివారం కోసం వారమంతా ఎదురుచూసిన నేను, ఈసారి జయనగర్‌లోని మా ఇంట్లో ఉదయం 9 గంటలకూ రాత్రి 9 గంటలకూ దాని ముందు కూర్చున్నాను. గ్రాఫిక్సు చూసి పిల్లలు నవ్వినా, బాణాలు ఆకాశంలో ఢీకొనే వేళకు వాళ్లే ముందుండేవారు. హిందీ సంభాషణలను అత్తగారికి తెలుగులో చెప్పడం నా పని (కొంత సొంత కవిత్వమూ కలిసేదనుకోండి).

నచ్చనిది ఒక దినసరి సీరియల్, పేరు చెప్పను. షూటింగులు ఆగి పాత భాగాలే మళ్లీ వేసినప్పుడుగాని, ఒక్క చెంపదెబ్బను మూడు రోజులు సాగదీశారని నేను గమనించలేదు.