డోల్‌బాడర్న్ కోట: ఒక్క బురుజు కోసం వెళ్లవచ్చా?

ఉత్తర వేల్స్ యాత్రలో కార్నార్‌వన్ కోట ఎలాగూ చూస్తామని, లాన్‌బెరిస్ దగ్గరి డోల్‌బాడర్న్‌లో ఒక్క బురుజు తప్ప ఏమీ మిగలలేదంటున్నారు కాబట్టి దానికి సమయం కేటాయించాలా వద్దా అని మీరు అడిగారు. తప్పక కేటాయించండి, వీలైతే కార్నార్‌వన్ కంటే ముందే దానిని చూడండి. నేను అక్కడికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి చరిత్ర తెలియక కొద్ది నిమిషాల్లోనే దిగి వచ్చేశాను. చదువుకుని వెళ్లిన రెండోసారి అవే రాళ్ల మధ్య ఒక పూటంతా గడిచింది.

ఉత్తర వేల్స్‌లో పర్యాటకులు ఎక్కువగా చూసే పెద్ద కోటలు వేల్స్‌ను జయించిన ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ కట్టించినవి. డోల్‌బాడర్న్ అలాంటిది కాదు. 13వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో వాయవ్య వేల్స్‌లోని గ్వినెడ్ రాజ్య పాలకుడు లివెలిన్ అప్ యోర్వెర్త్ దీనిని పెరిస్, పాడర్న్ అనే రెండు సరస్సుల నడుమ, కొండల్లోకి వెళ్లే కనుమ దారిని కాపు కాసే రాతి గుట్టపై కట్టించాడు. చుట్టూ ఉన్న ప్రాకారం సున్నం లేకుండా పలకరాళ్లను ఒకదానిపై ఒకటి పేర్చి కట్టినది. ఇప్పుడది చాలాచోట్ల మోకాలి ఎత్తుకు మించి లేదు. బురుజును మాత్రం సున్నంతో కట్టారు కనుకనే అది నేటికీ సుమారు 15 మీటర్ల ఎత్తున నిలిచి ఉంది. ఆ గుండ్రని ఆకృతి ఇంగ్లండ్ సరిహద్దు ప్రాంతపు ఆంగ్లో నార్మన్ (నార్మన్ వంశపు ఇంగ్లిష్) ప్రభువుల కోటలను చూసి తీసుకున్నది. ఆ ప్రభువులతో యుద్ధాలూ వియ్యాలూ రెండూ నెరపిన లివెలిన్‌కు వారి నిర్మాణ పద్ధతి తెలియడంలో వింత లేదు.

నన్ను ఎక్కువగా కదిలించినది ఒవైన్ గోఖ్ కథ. లివెలిన్ మనుమడైన లివెలిన్ అప్ గ్రిఫిద్, 1255లో బ్రిన్ డెర్విన్ యుద్ధంలో తన సోదరులను ఓడించి, అన్న ఒవైన్‌ను బంధించి, 1277లో ఎడ్వర్డ్‌తో అబెర్‌కాన్వి ఒప్పందం కుదిరే వరకు, అంటే దాదాపు 22 ఏళ్లపాటు, చెరలో ఉంచాడు. ఆ చెర ఈ బురుజేనని సంప్రదాయంగా చెబుతారు. 1800లో చిత్రకారుడు టర్నర్ ఈ కోటను గీసినప్పుడు ఆయన మనసులో ఉన్నదీ ఒవైన్ కథే. ఆ చిత్రంలో బురుజు ఆకాశాన్ని అంటుతున్నట్లు ఉంటుంది. అసలు బురుజు అంత పెద్దది కాదు గాని, లోపల నిలబడి తల పైకెత్తితే ఆ రాతి వలయం మధ్య కనిపించే కొద్దిపాటి ఆకాశం చూసి, ఇరవై రెండేళ్లు అన్న మాటకు అర్థం నాకు అప్పుడే తెలిసింది.

1282 డిసెంబరులో ఎడ్వర్డ్ సేనలతో పోరులో లివెలిన్ అప్ గ్రిఫిద్ హతుడయ్యాక, అతని తమ్ముడు దావిద్ పోరాటం కొనసాగించాడు. ఆ చివరి నెలల్లో అతనికి ఆశ్రయమిచ్చిన కోటల్లో ఇదొకటి. 1283 జూన్‌లో అతడు పట్టుబడ్డాడు, అక్టోబరులో ష్రూస్‌బరీలో అతనికి మరణశిక్ష అమలు చేశారు. ఆ తరువాత ఎడ్వర్డ్ మనుషులు ఈ కోటలోని కలపను ఊడదీసి, కొత్తగా లేస్తున్న కార్నార్‌వన్ కోట పనికి తరలించారు. కార్నార్‌వన్ కంటే ముందు దీనిని చూడమన్నది అందుకే.

ప్రవేశ రుసుము లేదు. లాన్‌బెరిస్ ఊరి నుండి నడక కొద్ది దూరమే గాని, వానకు ఆ పలకరాళ్లు బాగా జారతాయి. మంచి పట్టున్న బూట్లు వేసుకోండి. బురుజు ద్వారం పై అంతస్తులో ఉంటుంది, మెట్లెక్కి లోపలికి వెళ్లాలి. లోపలికి వెళ్లాక ముందుగా గోడలను చూడండి. ఒకప్పుడు అంతస్తులను మోసిన దూలాల చోట ఇప్పుడు ఖాళీ గూళ్లు మాత్రమే కనిపిస్తాయి.