కలపడమా, పేర్చడమా, జోడించడమా?

సందేహం: ఆండ్రోమెడా గెలాక్సీని రెండు టెలిస్కోపులతో ఫొటోలు తీశాను. ఫోకల్ లెంగ్త్ (కటకం లేదా అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 400 మిల్లీమీటర్లున్న చిన్నదానికి రంగుల కెమెరా, 800 మిల్లీమీటర్ల పెద్దదానికి నలుపు తెలుపు కెమెరా పెట్టాను. అన్నిటినీ కంప్యూటర్‌లో ఒకటిగా చేసి, కింద ‘రెండు టెలిస్కోపుల ఫొటోలు కలిపిన చిత్రం’ అని రాశాను. ‘కలిపిన’ నాటుగా ఉంది, ‘సమ్మిళిత చిత్రం’ అనమని ఒక మిత్రుడు, ‘జోడించిన’ అనమని ఇంకొకరు అంటున్నారు. ఏది సరైనది? అన్నట్టు, టెలిస్కోపును ‘దుర్భిణి’ అనవచ్చా?

సమాధానం: మీరు రాసినదాంట్లో తప్పు లేదు. ‘సమ్మిళితం’ కూడా సాధువే. కాకపోతే అది ‘కలిసిన’ అన్న మాటకే పట్టుబట్ట కట్టడం. అసలు మీరు చేసిన పని ఒకటి కాదు, మూడు. మూడింటికీ తెలుగులో మూడు క్రియలున్నాయి.

మొదట ఒకే కెమెరాతో వరసగా తీసిన ఫ్రేముల సంగతి. వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి, ప్రతి పిక్సెల్‌కూ సగటు తీస్తారు. 16 ఫ్రేములు ఇలా చేస్తే గింజలు గింజలుగా కనిపించే నాయిస్ దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇది పేర్చడం. చేరు, చేర్చు అయినట్టే పేరు, పేర్చు అయింది. ఇటుకలైనా కట్టెలైనా పేర్చాలంటే ముందు అంచులు కుదరాలి. ఇక్కడా అంతే, నక్షత్రం మీద నక్షత్రం పడాలి. రెండు టెలిస్కోపులైతే ఈ పని ఇంకా కష్టం. పిక్సెల్ సైజు ఒకటే అయితే, 400లో కన్నా 800లో గెలాక్సీ రెట్టింపు పొడవుంటుంది. కెమెరా బిగించిన కోణం కూడా మారి ఉంటుంది. అందుకే ఒకదాన్ని సాగదీసి, తిప్పి, రెండోదాని మీద కూర్చోబెట్టాలి. దీన్ని ‘సరిపెట్టడం’ అంటే సర్దుకుపోయారేమో అనిపిస్తుంది. ‘పొందించడం’ నాకు నచ్చిన మాట, ‘పొందిక’ ఆ కుటుంబంలోదే. (ఆ 400, 800 కొలతలను, అంటే ఫోకల్ లెంగ్త్‌ను, కొందరు ‘నాభ్యాంతరం’ అని రాస్తారు. నాభి + అంతరం యణాదేశ సంధి, కాబట్టి ‘నాభ్యంతరం’. దీర్ఘం అక్కర్లేదు.)

రెండోది అతికించడం. ఆండ్రోమెడా ఆకాశంలో 3 డిగ్రీల పొడవు, అంటే పక్కపక్కన ఆరు నిండు చందమామలంత. మీ పెద్ద టెలిస్కోపులో అది ఒక్క ఫ్రేములో పట్టక రెండు భాగాలుగా తీసి ఉంటారు. మీరు పంపిన చిత్రంలో కుడివైపు, పైనుంచి కిందికి సన్నగా ఒక నిలువు గీత కనిపిస్తోంది. గీతకు అటు ఆకాశం కాస్త బూడిద రంగు, ఇటు నలుపు. అదే అతుకు! పేర్చిన చోట అతుకుండదు, అతికించిన చోటే ఉంటుంది.

మూడోది జోడించడం. ఇక్కడ విభక్తి చూడండి. ‘దీన్ని దానితో కలిపాను’ అంటే రెండూ సమానం. ‘దాన్ని దీనిలో కలిపాను’ అంటే నీళ్లలో సిరా కలిపినట్టు, ఇక విడదీయలేం. ‘దీనికి దాన్ని జోడించాను’ అంటే ఇది ముఖ్యం, అది తోడు. మీరు వివరాలన్నీ నలుపు తెలుపు ఫొటో నుంచి తీసుకుని, రంగును మాత్రం చిన్న టెలిస్కోపు నుంచి తెచ్చారు. కాబట్టి ఆ ‘కి’ ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. మీ రెండో మిత్రుడి మాటలో నిజముంది, కానీ అది మొత్తం పనికి వర్తించదు.

వివరం అక్కర్లేనప్పుడు ‘కలిపిన’ చాలు. సమాసం చేసి ‘కలుపు చిత్రం’ అని మాత్రం రాయకండి, చదివేవాళ్లు పొలంలో గడ్డి ఫొటో కోసం వెతుక్కుంటారు.

టెలిస్కోపును ‘దుర్భిణి’ అనవచ్చా అని చివర్లో అడిగారు. నిక్షేపంగా అనవచ్చు. అది ‘దుర్జనుడు’లోని దుర్ కాదు. పారశీకంలో దూర్ అంటే దూరం, బీన్ అంటే చూసేది.

చిత్రం కింద వివరంగా రాయాలనుకుంటే ఇలా రాయండి: ‘పెద్ద టెలిస్కోపుతో తీసిన ఫ్రేములను పేర్చి, రెండు భాగాలను అతికించి, చిన్న టెలిస్కోపు ఫొటోలోని రంగును వాటికి జోడించాను.’