సీఆర్పీ పెరిగితే మెదడు రక్తనాళాలు దెబ్బతింటాయా?

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. గత నెల మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేర్చినప్పుడు సీఆర్పీ (ఇన్ఫెక్షన్, వాపు ఉన్నప్పుడు రక్తంలో పెరిగే సి-రియాక్టివ్ ప్రొటీన్) లీటరుకు 148 మిల్లీగ్రాములు ఉంది. రెండు మూడు రోజులు మమ్మల్ని గుర్తుపట్టలేదు, ఎదుట లేనివాళ్లతో మాట్లాడింది. ఇప్పుడు సీఆర్పీ 6కు దిగినా కాస్త మతిమరుపు ఉంది. ఈ ప్రొటీన్ మెదడు రక్తనాళాలను దెబ్బతీస్తుందని చదివాను. నిజమేనా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

సలహా: మీరు చదివినదాంట్లో కొంత నిజం ఉంది. అయితే మీ అమ్మగారి తికమకకు ఆ 148 అనే అంకె ఒక్కటే కారణమని చెప్పలేం. ఇన్ఫెక్షన్ సోకినప్పుడు రోగనిరోధక కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-6 ప్రేరణతో కాలేయం సీఆర్పీని పెద్దమొత్తంలో తయారుచేస్తుంది. ఆ ప్రేరణ ఆగిపోయాక రక్తంలో దాని పరిమాణం సుమారు 19 గంటలకోసారి సగానికి పడిపోతుంది.

మెదడులోని సూక్ష్మ రక్తనాళాల లోపలి పొర కణాలు క్లాడిన్-5, ఆక్లూడిన్ వంటి ప్రొటీన్ల సాయంతో ఒకదానికొకటి బిగుతుగా అతుక్కుని ఉంటాయి కాబట్టి, రక్తంలోని పెద్ద ప్రొటీన్లు మామూలుగా మెదడులోకి చేరలేవు. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో రోగనిరోధక కణాలు విడుదల చేసే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి ప్రొటీన్లు ఈ బిగువును సడలిస్తాయి. సీఆర్పీ కూడా అధిక మోతాదులో ఆక్సీకరణ ఒత్తిడిని (కణాలకు హాని చేసే ఆక్సిజన్ అణువులు పోగవడాన్ని) పెంచి కణాల మధ్య సందులు ఏర్పరుస్తుందని ప్రయోగశాలలో పెంచిన కణాలపై పరిశోధనల్లో కనిపించింది. అది ప్రయోగశాల మాట. మనిషి మెదడులో కూడా అంతే జరుగుతుందని దీన్నిబట్టి తేల్చలేం. నా దృష్టిలో సీఆర్పీ కంటే ఎక్కువ పట్టించుకోవలసింది రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్‌ని. అది నాళాల నుంచి మెదడులోకి కారితే అక్కడి రోగనిరోధక కణాలైన మైక్రోగ్లియాను రెచ్చగొడుతుంది. మల్టిపుల్ స్క్లిరోసిస్ (రోగనిరోధక వ్యవస్థ నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు) రోగుల మెదడులో దెబ్బతిన్న చోట్ల ఇది పేరుకుని ఉండటం గమనించారు.

మీ అమ్మగారికి వచ్చినది డెలీరియం, అంటే జబ్బు చేసినప్పుడు హఠాత్తుగా వచ్చే తికమక, అయి ఉండవచ్చు. పెద్ద వయసులో జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, నిద్రలేమి, కొన్ని మందులు అన్నీ కలిసి దాన్ని తెచ్చిపెడతాయి. ఇన్ఫెక్షన్ తగ్గినా తేరుకోవడానికి కొందరికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఇకపై వారం వారం సీఆర్పీ చేయించడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే ఆ పరీక్ష మెదడు నాళాల బిగువును కొలవదు. దానికి బదులు సోడియం, షుగర్, థైరాయిడ్, బి12 ఒకసారి చూపించండి. ఆమె వాడే మందులన్నీ, ముఖ్యంగా నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు డాక్టరుకు చూపించండి. నిద్రమాత్రలను మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. కళ్లద్దాలు, వినికిడి యంత్రం ఉంటే వాడేలా చూడండి.

మూడు నెలల తర్వాత కూడా మతిమరుపు తగ్గకపోతే న్యూరాలజిస్టు వద్ద జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి, ఎందుకంటే డెలీరియం వచ్చినవారిలో అంతకుముందు గుర్తించని డిమెన్షియా (క్రమంగా పెరిగే మతిమరుపు జబ్బు) బయటపడటం అరుదు కాదు. మళ్లీ హఠాత్తుగా తికమకపడినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, జ్వరంతో పాటు మెడ బిగుసుకున్నా ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.