రిపోర్టులన్నీ నార్మల్, ఒళ్ళంతా నొప్పులు: ఆర్మీ నుంచి వచ్చిన మా వారికి బిహేవియరల్ థెరపీ పనిచేస్తుందా?

మీ ప్రశ్న చదువుతుంటే 2016లో మా ఇంట్లో జరిగిన గొడవే గుర్తొచ్చిందండీ. మీ వారు అమెరికన్ ఆర్మీలో చేసి వచ్చారు. కీళ్ళ నొప్పులు, నీరసం, కడుపు ఉబ్బరం, చదివింది బుర్రకెక్కకపోవడం. రక్తపరీక్షల నుంచి ఎమ్మారై దాకా అన్నీ నార్మల్. వీఏ (అమెరికా మాజీ సైనికుల శాఖ) డాక్టరు మానసిక వైద్యం చూసే బిహేవియరల్ హెల్త్‌కి పంపితే "నాకేం పిచ్చి లేదు" అని అపాయింట్‌మెంట్ ఎగ్గొట్టారు. నేనూ సరిగ్గా ఆ మాటే అన్నాను, కాకపోతే ఇంకాస్త గట్టిగా.

నేను 2009లో మావ్ని పథకంలో (అమెరికా పౌరులు కానివాళ్ళని ఆర్మీలోకి తీసుకునే పథకం) చేరాను. 2011లో అఫ్గానిస్తాన్ పంపారు. మేం పడుకునే చోటికి కూతవేటు దూరంలో చెత్త తగలబెట్టే గుంట ఉండేది. ప్లాస్టిక్, బ్యాటరీలు, పెయింట్ డబ్బాలు, ఏది పడితే అది అందులోకే. తిరిగొచ్చిన రెండేళ్ళకి ఇవన్నీ మొదలయ్యాయి. మా అమ్మ వీడియో కాల్లో నా ముఖం చూసి దిష్టి అని తేల్చేసి, గుంటూరులోనే ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఇక్కడి డాక్టరు స్ట్రెస్ అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ రెండిట్లో అమ్మ మాటే నాకు మర్యాదగా అనిపించింది.

ఈ జబ్బు ఎందుకొచ్చింది అన్నది ఒక ప్రశ్న. దీంతో రేపు పొద్దున్నుంచి రాత్రి దాకా ఎలా నెట్టుకురావాలి అన్నది ఇంకొకటి. థెరపీ రెండోదానికే. చాలామంది డాక్టర్లు ఆ ముక్క విడమరచి చెప్పరు, అందుకే మనకి ఒళ్ళు మండుతుంది.

మండటానికి కారణం కూడా ఉంది లెండి. 1990-91 గల్ఫ్ యుద్ధానికి దాదాపు ఏడు లక్షల మంది అమెరికన్ సైనికులు వెళ్ళారు. తిరిగొచ్చాక వాళ్ళలో చాలామందికి ఇవే బాధలు. అంతా టెన్షనే అని ఏళ్ళ తరబడి తోసేశారు. చివరికి 2008లో ప్రభుత్వం వేసిన పరిశోధనా సలహా సంఘం పురుగుమందుల్నీ, విషవాయువు నుంచి కాపాడటానికని సైనికుల చేత మింగించిన పిరిడోస్టిగ్మిన్ బ్రోమైడ్ మాత్రల్నీ వేలెత్తి చూపించింది. కాబట్టి "అంతా మనసులోనే ఉంది" అని ఎవరైనా అంటే మీ వారు ఒప్పుకోనక్కర్లేదు.

మరి పనిచేస్తుందా అంటే, కొంచెం. 2003లో జామా అనే అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన పెద్ద ట్రయల్ ఉంది. 20 ఆసుపత్రుల్లో 1,092 మంది గల్ఫ్ వెటరన్లకి 12 వారాల చికిత్స చేసి, ఏడాది తర్వాత చూశారు. మామూలు వైద్యంతో ఒళ్ళు పనిచేసే తీరు చెప్పుకోదగ్గంత మెరుగైనవాళ్ళు 11.5 శాతం. వ్యాయామం ఒక్కటే చేసినవాళ్ళలో 11.7. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనల్నీ, రోజువారీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే చికిత్స) తీసుకున్నవాళ్ళలో 18.5. అంటే ఐదుగురిలో ఒక్కరు కూడా నిండలేదు. "జిమ్‌కెళ్తే అదే పోతుంది" అనే బావమరుదులకి మాత్రం ఆ 11.7 చూపించండి.

ఇక నా సంగతి. మా థెరపిస్టు యాభై దాటిన ఆవిడ. మొదటి రోజే "మీ నొప్పి నిజమా కాదా అని తేల్చడం నా పని కాదు, నిన్న ఏం చేశారో గంటగంటకీ చెప్పండి" అంది. రెండు వారాలు చిన్న నోట్‌బుక్‌లో రాయించింది. అది చూస్తే నాకే సిగ్గేసింది. ఒంట్లో కాస్త బాగున్న శనివారం నాడు లాన్ అంతా కోసి, కారు కడిగి, ఇండియన్ షాప్ నుంచి 40 పౌండ్ల బియ్యం బస్తా తెచ్చి ఒక్కణ్ణే మెట్లెక్కించాను. ఆది, సోమ, మంగళ మంచం మీదే. వెనక్కి తిప్పితే అంతకుముందు వారం కూడా అదే వరస. బాగున్న రోజే నా కొంప ముంచుతోంది!

అప్పట్నుంచి వంటింటి టైమర్ జేబులో పెట్టుకున్నాను. పదిహేను నిమిషాలకి మోగగానే, ఒళ్ళు ఎంత హుషారుగా ఉన్నా, కోసే యంత్రం ఉన్నచోటే వదిలేసి కూర్చోవాలి. ఆర్మీలో నేర్పింది దీనికి సరిగ్గా తలకిందులు కదా, నాకు ఆరు వారాలు పట్టింది. సగం కోసిన లాన్ చూసి పక్కింటాయన ఏమనుకుంటాడో అని అదో బాధ.

ఇంకోటి, సమస్యని చిన్నగా రాయడం. "నా బతుకింతే" అని రాస్తే ఆవిడ కొట్టేసేది. "మంగళవారం మూడింటికి పాపని స్కూల్ నుంచి తేవాలి, ఆ టైమ్‌కి కళ్ళు మూతలు పడుతున్నాయి" అంటే ఒప్పుకునేది. దానికి పది ఉపాయాలు రాయాలి, పిచ్చివైనా సరే. బియ్యం బస్తాకి నేను రాసిన ఏడో ఉపాయం: బస్తాని కారు డిక్కీలోనే విప్పి, డబ్బాతో నాలుగు విడతలుగా లోపలికి మోయడం. మా ఆవిడ పడీ పడీ నవ్వి, మర్నాటి నుంచి పది పౌండ్ల సంచులు తేవడం మొదలెట్టింది.

నొప్పి పోలేదు. నెలలో పది రోజులు మంచం పట్టేవాణ్ణి, ఇప్పుడు మూడు. ఒక్క జాగ్రత్త: వారం వారం వ్యాయామం పెంచుకుంటూ పొమ్మని అంతకుముందు ఒకచోట చెబితే నేను ఇంకా పడిపోయాను. మర్నాడు కుదేలయ్యే రకమైతే మీ వారు ఆ మాట ముందే చెప్పాలి.

థెరపీకి వెళ్తే వీఏ పరిహారం క్లెయిమ్ దెబ్బతింటుందేమో అని కూడా అడిగారు. కారణం దొరకని ఇలాంటి దీర్ఘకాలిక బాధల్ని గల్ఫ్ ప్రాంతంలో పనిచేసినవాళ్ళకి సర్వీసు వల్ల వచ్చినవిగానే వీఏ లెక్కగడుతుంది. 2022లో వచ్చిన వెటరన్ల చట్టం ప్యాక్ట్ యాక్ట్‌తో అఫ్గానిస్తాన్‌ని కూడా అందులో చేర్చారు. క్లెయిమ్ కాగితాలు, వాటిలో సాయం చేసే వెటరన్స్ సర్వీస్ ఆఫీసర్‌కి చూపించండి. యుద్ధ సంబంధ జబ్బుల కోసమే వీఏకి న్యూజెర్సీ, వాషింగ్టన్ డీసీ, కాలిఫోర్నియాల్లో ప్రత్యేక కేంద్రాలున్నాయి. మీ డాక్టర్ని రెఫరల్ అడగొచ్చు. ఎప్పుడైనా ఆయన బతకాలని లేదన్నట్టు మాట్లాడితే మాత్రం ఆలోచించకండి, ఆత్మహత్యల నివారణ ఫోన్ లైన్ 988కి ఫోన్ చేసి, వెటరన్ల కోసం 1 నొక్కండి.

అపాయింట్‌మెంట్ మళ్ళీ పెట్టించేటప్పుడు వీడియోలోనో ఫోన్‌లోనో కావాలనండి. పార్కింగ్ నుంచి క్లినిక్ దాకా నడిచేసరికే ఆయనకి ఆ రోజు ఓపిక సగం అయిపోతుంది.