డ్యూటీ దిగడం నేర్చుకో అల్లుడూ

కాజీపేట

చిరంజీవి అల్లుడికి,

మీ మామ ఆశీర్వాదాలు. నువ్వు పంపిన మెసేజ్ మీ అత్తకు కూడా చదివి వినిపించాను. "అమెరికా వాళ్లతో రాత్రి కాల్స్, నిద్ర లేదు, వ్యాయామం లేదు, పాపతో పట్టుమని పది నిమిషాలు కూర్చున్నది లేదు. టైమ్ ఎట్లా దొరుకుతుంది మామా" అని అడిగావు. ఫోన్లో చెప్తే "సరే సరే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, యోగా గురువును అంతకన్నా కాను. గూడ్సు నుంచి మెయిల్ దాకా బండ్లు నడిపి రిటైరైన మనిషిని. రాత్రనక పగలనక డ్యూటీ చేస్తూ ఒంటినీ ఇంటినీ ఎట్లా చూసుకోవాలో మా రన్నింగ్ స్టాఫ్‌కు కాస్త తెలుసు. తెలిసినంత వరకే చెప్తాను. మనిషి కూడా ఇంజన్ లాంటివాడే అనే ఉపన్యాసం మాత్రం ఇవ్వను. రిటైర్మెంట్ ఫంక్షన్లలో అది విని విని విసుగొచ్చింది.

ముందు ఒక మాట. టైమ్ దొరకదు. పని అయ్యాక మిగిలినదే రెస్టు అనుకుంటే ఎప్పటికీ మిగలదు, ఎందుకంటే పని అయిపోవడం అనేది నీ ఉద్యోగంలోనే లేదు. రైల్వేలో రెస్టును డ్రైవర్ల ఇష్టానికి వదిలెయ్యలేదు, రూలు రాసిపెట్టారు. ఎనిమిది గంటలు, ఆపైన డ్యూటీ చేసి హెడ్‌క్వార్టర్‌లో, అంటే సొంత డిపో ఉన్న ఊళ్లో, దిగితే 16 గంటల రెస్టు. అంతకు తక్కువ చేస్తే 12. ఎనిమిది గంటలు, ఆపైన డ్యూటీ చేసి బల్లార్షాలోనో విజయవాడలోనో దిగితే అక్కడి రన్నింగ్ రూమ్‌లో, అంటే బయటూళ్లో మేం పడుకునే రైల్వే బసలో, 8 గంటలు. ఆ రూలు ఎప్పుడూ తు.చ. తప్పకుండా నడిచిందని చెప్పను. బండ్లు ఎక్కువై మనుషులు తక్కువైనప్పుడు రెస్టు కోసం యూనియన్ వాళ్లు కొట్లాడిన రోజులు చాలా ఉన్నాయి. కానీ కొట్లాడటానికి ఒక అంకె ఉండేది. నీకు అదీ లేదు. "వీలైనప్పుడు పడుకుంటా" అనేవాడు ఎవరితో ఏమని కొట్లాడతాడు? ముందు నీ అంకె నువ్వు రాసుకో. నిద్ర ఏడు గంటలు. పెద్దవాళ్లకు కనీసం అంత కావాలని డాక్టర్లు చెప్పేదే. నాకు ఐదు చాలు అంటావు నువ్వు. మొన్న 150 చూపించిన నీ బీపీ అట్లా అనట్లేదు.

ఇక సైన్ ఆఫ్ సంగతి. మేం బండి దిగంగనే ఇంటికి పోలేం. లాబీకి వెళ్లాలి, ఇంజన్లో కనబడ్డ లోపాలు రాయాలి, ఎన్నింటికి దిగామో సంతకం పెట్టాలి. ఆ సంతకం పడ్డాక ఆ బండి మనది కాదు. ముందు స్టేషన్లో ఆగిందా, లేటైందా అన్నది ఎక్కినవాడి సంగతి. నువ్వు రాత్రి పదింటికి కాల్ ముగిస్తావు, లాప్‌టాప్ మూస్తావు, డ్యూటీ మాత్రం దిగవు. మంచం మీద కూడా చేతిలో ఆఫీసు గ్రూపే. కాల్ అవ్వగానే ఒక కాగితం తీసుకుని ఏం మిగిలింది, రేపు ముందు ఏది పట్టుకోవాలి, నీ కోసం ఎవరు ఆగి ఉన్నారు అనేది రాయి. కింద టైము వెయ్యి. లాప్‌టాప్ ఆ గదిలోనే వదిలి తలుపేసి రా. కాగితం మీదే రాయి బాబూ. ఫోన్లో రాయబోతే అక్కణ్నుంచి వాట్సాప్‌కు, వాట్సాప్ నుంచి రీల్స్‌కు జారతావు, నాకు తెలీదా!

మేనేజర్ రాత్రి మెసేజ్ పెడితే ఎట్లా అంటావు. నిజంగా ఆన్‌కాల్ ఉన్న వారం లేవాల్సిందే, దానికి గునిసి లాభం లేదు. మిగతా వారాల్లో కూడా అట్లాగే ఫోన్ తల కింద పెట్టుకుని పడుకుంటున్నావు చూడు, అదీ నేను వద్దనేది. మా కాలంలో కాల్ బాయ్ ఉండేవాడు. బండికి రెండు గంటల ముందు సైకిలు మీద వచ్చి తలుపు కొట్టి, కాల్ బుక్‌లో సంతకం తీసుకుని పోయేవాడు. అతను తప్పకుండా వస్తాడన్న భరోసాతోనే మేం నిద్రపోయేవాళ్లం. గంటగంటకూ లేచి వస్తున్నాడా అని గుమ్మంలోంచి తొంగి చూడలేదు. నిన్ను లేపడానికి కూడా ఒక్కటే దారి ఉంచు. "సర్వర్ పడిపోతే ఫోన్ చెయ్యండి, రాత్రి పదిన్నర దాటాక మెసేజ్ చూడను" అని టీముకు పగటి పూటే, నవ్వుతూనే చెప్పు. నలుగురి నంబర్లకు తప్ప ఫోన్ మోగకుండా పెట్టుకో. మొదటి వారం ఎవరైనా మూతి ముడుస్తారు, తర్వాత అలవాటు పడతారు.

నిద్ర గురించి ఇంకొంచెం చెప్పాలి, మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. రన్నింగ్ రూమ్‌లో ఒక మర్యాద ఉండేది. అర్ధరాత్రి వచ్చినవాడు లైటు వెయ్యడు. బూట్లు వరండాలో విప్పి, టార్చి నేలకేసి పట్టుకుని తన మంచం వెతుక్కుంటాడు. స్టీలు క్యారేజీ కింద పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా ముందు తువ్వాలు పరిచేవాళ్లు కూడా ఉన్నారు. ఎదురు మంచం మీద పడుకున్నవాడు ఇంకో రెండు గంటల్లో వెయ్యిమందిని వెనకేసుకుని వెళ్తాడు మరి. మీ ఇంట్లో? నువ్వు పదకొండున్నరకు వచ్చి ట్యూబులైటు వేస్తావు, బీరువా తీస్తావు, చార్జర్ వెతుకుతావు. ఐదున్నరకు లేవాల్సిన అమ్మాయి ఆ వెలుగుకు లేచి కూర్చుంటుంది. నీ రాత్రి బట్టలు, చార్జర్, నీళ్ల సీసా హాల్లోనే పెట్టుకో. చీకట్లో వచ్చి చీకట్లో పడుకో. కిటికీకి మందపాటి కర్టెన్ వేయించు, అదేమంత ఖర్చు కాదు.

కాఫీ మధ్యాహ్నం మూడు తర్వాత వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుందట. ఏడున్నర కాల్‌కు ముందు గట్టిగా ఓ కప్పు తాగితే పన్నెండింటికి పైకప్పు చూస్తూ పడుకుంటావు. అన్నం కూడా కాల్ ముందే, ఏడింటికే తినెయ్యి. పదిన్నరకు బిర్యానీ తెప్పించుకుని తింటే నిద్ర ఎక్కడిది? లేచే టైము మాత్రం ఆదివారం కూడా మార్చకు. శనివారం రాత్రి రెండింటిదాకా సిరీస్ చూసి ఆదివారం పదకొండింటికి లేచేవాడికి సోమవారం ఎందుకు బరువుగా ఉంటుందో వేరే చెప్పాలా?

ఇంకోటి. అమెరికా వాళ్లు నవంబరు మొదటి ఆదివారం గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు కదా. న్యూయార్క్‌లో పొద్దున పదింటి మీటింగు మనకు ఏడున్నర నుంచి ఎనిమిదిన్నరకు జరుగుతుంది. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. ఆ నాలుగు నెలలు నీ రాత్రి గంట పొట్టిదైపోతుంది. అక్టోబరులోనే మీ వాళ్లతో మాట్లాడి, మీటింగు వాళ్ల తొమ్మిదింటికి జరుపుకోండి. కొందరు ఒప్పుకోరు. అడగనివాడికి మాత్రం ఎవరూ జరపరు.

ఇంటి విషయానికొస్తే, నువ్వు పోగొట్టుకుంటున్నానని బాధపడేదల్లా సాయంత్రాల గురించే. "అందరూ సాయంత్రం పిల్లలతో ఆడుకుంటారు, నాకా భాగ్యం లేదు" అని. అది నీ ఉద్యోగంలో లేదు, వదిలెయ్యి. మా రైల్వే క్వార్టర్స్‌లో పండగలు క్యాలెండర్ చూసి చేసుకున్నది తక్కువ. లింకు, అంటే మా డ్యూటీల పట్టిక, చూసి చేసుకునేవాళ్లం. దీపావళి రోజు నాకు బల్లార్షా డ్యూటీ పడితే మీ అత్త మర్నాడు దీపాలు పెట్టేది. పక్క క్వార్టర్ వాళ్లు ముందురోజే కాల్చేసేవాళ్లు. మా లైన్లో మూడు రోజులు టపాసులు మోగేవి, పిల్లలకు ఇంకా సంబరం. నీకు దొరికేది పొద్దున. పాప ఏడింటికి లేస్తుంది, ఎనిమిదిన్నరకు బడి. ఆ గంటన్నర నీది. మీ ముగ్గురూ కలిసి తినే పూట రాత్రి భోజనం కాదు, పొద్దుటి టిఫిన్ అని పెట్టుకోండి. ఇడ్లీయో ఉప్మాయో, ఏదైతేనేం, కింద చాప వేసుకుని కూర్చోండి. ఫోన్లు లోపల గదిలో ఉండనీ. పాప జడ నువ్వు వెయ్యి. వంకరగా వస్తే బళ్లో ఎవరూ పరీక్ష పెట్టరు.

బడి మీ ఇంటి నుంచి కిలోమీటరు అన్నావు. మరి ఆటో ఎందుకు? పాపను నడిపించుకుని వెళ్లు, తిరిగి వచ్చేటప్పుడు వేగంగా రా. అటూ ఇటూ కలిపి అరగంట. వారానికి ఐదు రోజులు అట్లా నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150 నిమిషాలు దాదాపు వచ్చేస్తాయి. పాపతో నడిచింది మెల్లగా అయినా, ఏమీ లేనిదానికన్నా నయమే. పది నిమిషాల ముక్కలైనా లెక్కలోకి వస్తాయి, ఒకేసారి గంట నడవాలని లేదు. దాంతోపాటు వారానికి రెండు రోజులు కండరాలకు పని కావాలంటారు. గుంజీళ్లు, దండీలు, నీళ్ల క్యాన్ ఎత్తడం, మీ ఆఫీసు మెట్లు, ఇవి చాలు. ఏడాదికి జిమ్ కట్టడం గురించి నేనేమీ అనను. ఎన్నిసార్లు కట్టావో నీకే తెలుసు. ఇక్కడ వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్లలో నాతో పనిచేసినవాళ్లు చాలామంది కనబడతారు. ఖరీదైన బూట్లున్నవాళ్లకన్నా పక్కన మాట్లాడటానికి తోడున్నవాళ్లే రోజూ వస్తారు. నీకు పాప ఉంది.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీకు రెస్టు లేదని రెండు పేజీలు రాశావు, అమ్మాయికి ఉందా? ఆమెదీ ఉద్యోగమే. నీ కాల్ మొదలయ్యే ఏడున్నర నుంచి పాప అన్నం, హోంవర్కు, పడుకోబెట్టడం, రేపటి కూరగాయలు, అన్నీ ఆమె మీదే. మా రోజుల్లో మీ అత్త పడ్డ చాకిరీ నేను చూశాను. అప్పుడు పక్క క్వార్టర్స్‌లో నలుగురు ఆడవాళ్లు తోడుండేవాళ్లు. మీ అపార్ట్‌మెంట్లో పక్క ఫ్లాట్ వాళ్ల పేరు కూడా మీకు తెలీదు. పొద్దుటి పని మొత్తం నువ్వు తీసుకో. ఆమె ఆరున్నర దాకా పడుకోనీ. ఆదివారం సాయంత్రం ఇద్దరూ కూర్చుని వచ్చే వారం ఎవరికి ఏ రోజు లేటు, ఎవరు ఆఫీసుకు వెళ్లాలి, పాప టీకాయో పీటీఎమ్మో ఏముందో ఒక కాగితం మీద వేసి ఫ్రిజ్‌కు అంటించండి. ఆమెకు కూడా వారంలో రెండు గంటలు "రెస్టు" అని పేరు పెట్టి రాయండి. ఆ రెండు గంటలూ ఆమె ఏం చేస్తుందో అడగకు.

హన్మకొండకు రావడం గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా. శుక్రవారం రాత్రి కాల్ అయ్యాక పదకొండింటికి కారు తీసి భువనగిరి, జనగామ మీదుగా ఒంటిగంటకో రెండింటికో దిగుతున్నావట, మా అక్క చెప్పింది. వద్దు. అర్ధరాత్రి దాటాక నిద్ర ఎట్లా వస్తుందో నీకన్నా నాకు ఎక్కువ తెలుసు. ఇంజన్లో విజిలెన్స్ పరికరం ఉంటుంది. నిమిషం పాటు ఏ హ్యాండిలూ ముట్టకపోతే లైటు వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది, అప్పటికీ బటన్ నొక్కకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. పైగా సిగ్నల్ రంగు పైకి చెప్పుకోవడానికి పక్కన అసిస్టెంట్ ఉంటాడు. నీ కారులో వెనక పాప, పక్కన అమ్మాయి, ఇద్దరూ నిద్రలో ఉంటారు. 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. మన చట్టంలో బండి నడిపేవాడికి హద్దు 0.03. పొద్దున ఆరింటికి లేచినవాడికి రాత్రి పదకొండుకే 17 గంటలు నిండుతాయి, లెక్క వేసుకో. శనివారం పొద్దున మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి సికింద్రాబాద్‌కు రండి. అక్కణ్నుంచి కాజీపేట రెండు గంటలు. పాపకు కిటికీ సీటు ఇవ్వు, నువ్వు కాసేపు కునుకు తియ్యి. స్టేషన్‌కు నేను వస్తాను.

బీపీ ఒకసారి ఎక్కువొచ్చిందని కంగారు పడకు, అట్లా అని వదిలెయ్యకు. మాకు పీఎంఈ అని కట్టుదిట్టంగా ఆరోగ్య పరీక్షలు ఉండేవి. 45 దాటాక రెండేళ్లకోసారి, 55 దాటాక ఏటా. తప్పించుకుంటే బండి ఎక్కనివ్వరు. నిన్నెవరూ ఆపరు కాబట్టి నువ్వే పోవాలి. ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూడాలని ప్రభుత్వమే చెప్తోంది. మీ దగ్గర బస్తీ దవాఖానాలో ఉచితంగానే చూస్తారు. నిద్ర సరిగా పోయిన పొద్దున, కాఫీ తాగకముందు, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని చూపించుకో. అప్పుడూ ఎక్కువే వస్తే డాక్టర్ దగ్గరికి. వాట్సాప్‌లో వచ్చే మెంతుల నీళ్ల దగ్గరికి కాదు. రిపోర్టు ఫొటో తీసి నాకు పంపు.

సద్దుల బతుకమ్మకు అందరూ రావాలని అక్క ఇప్పట్నుంచే అంటోంది. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు, పండగ బండ్లు నిండిపోతాయి. ఏ రోజు సెలవు పెడుతున్నావో తేల్చి చెప్పు, పొద్దుటి బండికే చేయించు. పాపకు తంగేడు పువ్వు కోసుకురావడం నా పని.

అమ్మాయికి, పాపకు మా దీవెనలు.

మీ మామ