బొమ్మ ‘గీయడమా’, ‘వేయడమా’?

సందేహం: తైలవర్ణ చిత్రలేఖనం కొత్తగా నేర్చుకుంటున్నాను. కంటికి కనిపించే రూపం కన్నా మనసులోని భావానికి ప్రాధాన్యమిచ్చి ఘాటైన రంగులు వాడిన జర్మన్ ఎక్స్‌ప్రెషనిస్టుల ధోరణిలో పళ్ల స్టిల్ లైఫ్ (కదలని వస్తువుల చిత్రం) ఒకటి పూర్తిచేసి, సాధన పుస్తకంలో ‘పళ్లెంలో మూడు నారింజపళ్లు గీసి రంగులు నింపాను’ అని రాసుకున్నాను. మా గురువుగారు ‘గీసి’ కొట్టివేసి ‘వేశాను’ అని దిద్దారు. ‘బొమ్మ గీశాడు’ అని అందరూ అంటారు కదా, ఏది సరైనది? ‘పెయింటింగ్ చేశాను’ అనవచ్చునా?

సమాధానం: మీ గురువుగారి దిద్దుబాటు సబబైనదే. ‘గీయడం’ తప్పుమాట కాదు గాని, మీరు చేసిన పనికి అది చాలదు. కల్లు కోసం తాటిచెట్టును గీస్తారు, గడ్డం గీస్తారు, పలక మీద గీత గీస్తారు. అన్నిచోట్లా ఒక మొనో అంచో తగులుతూనే ఉంటుంది. అందుచేత పెన్సిలుతోనో బొగ్గుతోనో రేఖల్లో తెచ్చిన రూపానికి ‘గీశాను’ చక్కగా నప్పుతుంది. ‘వేయు’కు ఆ పరిమితి లేదు. ముగ్గు వేస్తాం, రంగు వేస్తాం, కుంచెతో రంగునే రూపంగా నిలిపితే బొమ్మ వేశామంటాం. ‘పెయింటింగ్ వేశాను’ అన్నా సహజంగానే ఉంటుంది. ‘పెయింటింగ్ చేశాను’ అంటే ఇంటి గోడలు గుర్తుకు వస్తాయి. పూర్వం చిత్తరువును ‘వ్రాసే’వారు కూడా, ఉష కలలో కనిపించిన అనిరుద్ధుణ్ణి పటం మీద చూపిన చెలికత్తె పేరు చిత్రలేఖ కావడం అందుకు తగినట్టే ఉంది. నేడు ‘బొమ్మ రాశాను’ అంటే చదివేవారు తడబడతారు గనుక దానిని మళ్లీ తేనక్కరలేదు.

మీ వాక్యంలో నాకు ‘గీసి’ కన్నా ‘నింపాను’ ఎక్కువ అభ్యంతరంగా తోచింది. నింపడానికి ముందే ఒక హద్దు ఉండాలి. నారింజపండు నీడకు గోధుమరంగు వాడక నేరుగా నీలం పెట్టి, పండు గుండ్రదనాన్ని నారింజ, నీలం రంగుల ఒరిపిడితోనే తెచ్చేటప్పుడు హద్దు చివర పుడుతుంది, లేదా పుట్టనే పుట్టదు. అయితే మ్యూనిక్‌కు దక్షిణాన ఉన్న ముర్నౌలో 1908 నుంచి పనిచేసిన ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకారిణి గాబ్రియేల మ్యుంటర్ సంగతి వేరు. బవేరియా జానపదులు గాజుపలక వెనుకవైపున ముందు రేఖలు గీసి, ఆపైన రంగులు వేసే పద్ధతి ఆమెను ఆకట్టుకుంది. ఆమె చిత్రాలలో ముదురు రేఖల నడుమ రంగు చదునుగా పరుచుకుంటుంది. మీరు ఆ మార్గాన వెళ్లి ఉంటే ‘గీసి, నింపి’ అన్న మీ మాటలు రెండూ నిలుస్తాయి.

ఇక సాధన పుస్తకానికి ‘వేయు’ ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం, ఎందుకంటే చేతి పని మారినప్పుడల్లా తెలుగులో క్రియ కూడా మారుతుంది. టర్పెంటైన్ కలిపిన పలచని రంగును పూస్తాం. గొట్టం నుంచి తీసిన చిక్కని రంగును కత్తితో మెత్తుతాం, గోడకు మట్టి మెత్తినట్టు. కుంచె మొనతో అక్కడక్కడ అద్దుతాం. పచ్చిగా ఉన్న పైరంగును కుంచె పిడి చివరతో గీరి అడుగు రంగు కనిపించేలా చేస్తాం. ఆ చివరి పనిని ‘గీయడం’ అన్నా తప్పు లేదు, ఆ మాట తన తొలి అర్థానికి అక్కడే బాగా దగ్గరవుతుంది. తైలవర్ణాలలో కలిపే అవిసెనూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకొని నెమ్మదిగా గట్టిపడుతుంది. అందువల్ల నూనె తక్కువున్న పొరను ముందు పూసి, నూనె ఎక్కువున్న చిక్కని పొరను తరువాత మెత్తాలి. అడుగుపొర కంటే ముందు పైపొర ఆరిపోతే పగుళ్లు వస్తాయి. ‘పూసి మెత్తాను’ అని రాసుకుంటే ఆ వరుస మీ పుస్తకంలో దానంతటదే నమోదవుతుంది.

‘పులమడం’ మాత్రం జాగ్రత్తగా వాడండి. అందులో అజాగ్రత్త, ఒక్కోసారి దురుద్దేశం కూడా ధ్వనిస్తాయి. ఎక్స్‌ప్రెషనిస్టుల కుంచెపోట్లు ఎంత మొరటుగా కనిపించినా అవి కావాలని, చూసి పెట్టినవి.